ప్రాథమిక పాఠశాలలలో క్రొత్త భాష : ప్రగతి నివేదన చరిత్ర

పసిబాలుడు బడిలో ఒక క్రొత్త భాషను నేర్చుకొనుచున్నాడు. ఆ నేర్పు అతనికి ఎంతవరకు అబ్బినది? ఈ ప్రశ్నకు బడి ఎవరికి, ఏ రూపమున సమాధానము చెప్పుచు వచ్చినదో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. భాషాబోధనమును గూర్చి మనకు గ్రంథములు పెక్కు కలవు. వాచకముల చరిత్రయు కొంత వ్రాయబడినది. కాని బోధన ఫలించినదనియో ఫలింపలేదనియో చెప్పెడి చిన్న కాగితముపై, అంతకుముందున్న పట్టికపై, దానికిని పూర్వమున్న నోటిమాటపై పరిశోధకుల దృష్టి అంతగా ప్రసరించినట్లు కానరాదు. సంవత్సరము తిరుగగానే ఆ కాగితము పొట్లములు కట్టుకొనుటకు పనికివచ్చునది గదా! దాచినవారు తక్కువ.

ఇక్కడ ‘క్రొత్త భాష’ అన్న మాటకు అర్థము ముందుగా నిర్ణయించుకొనుట అవసరము. ఆంగ్లమో, ఉర్దువో, హిందియో మాత్రమే క్రొత్త భాష యనుకొందుము. తెలుగింటి బిడ్డకు బడిలోని పద్యపు తెలుగు ఒకప్పుడు క్రొత్త భాషయే. సవర బిడ్డకు నేటికిని బడి తెలుగు క్రొత్త భాషయే. ఈ మూడింటిని ఒక్కచోట ఉంచి చూచినప్పుడే ఈ చరిత్రలోని విశేషము తేటపడును. అదేమనగా, నివేదిక ఎవరిని ఉద్దేశించి వ్రాయబడునో వారికి కావలసినదే అందు కనబడును. ‘ఈ భాష ఈ బిడ్డకు క్రొత్తది’ అన్న సంగతి మాత్రము ఇంచుమించు రెండువందల సంవత్సరములుగా ఆ పట్టికలో చోటు సంపాదించుకొనలేకపోయినది.

వీధిబడిలో నివేదిక చెవికి సంబంధించినది. ఇంటి అరుగుమీదనో, గుడి మండపములోనో, చెట్టుక్రిందనో బడి సాగుచుండెను. పిల్లలు ఎలుగెత్తి వల్లెవేయుచుండిరి. దారిన పోవువారికెల్ల ఎవరి బిడ్డ ఎంతవరకు వచ్చినాడో వినబడుచుండెను. తండ్రి అక్షరాస్యుడు కాకున్నను చెవులున్నవాడే గదా. తన కుమారుడు గుణింతము దాటి ఎక్కాలకు వచ్చినది, ఎక్కాలు దాటి పద్యమునకు వచ్చినది ఆయన అరుగు ప్రక్కగా నడచుచునే గ్రహింపగలిగెను. దసరా దినములలో అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకొని ఇల్లిల్లు తిరిగి పద్యములు చదివించుట కేవలము సంభావనకొఱకైన వేడుక కాదు. అది సంవత్సరమునకొకసారి జరుగు బహిరంగ నివేదన. పోషకుడు వినును, మెచ్చును, ఇచ్చును. కందుకూరి వీరేశలింగము పంతులుగారి స్వీయచరిత్రమును, చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి స్వీయచరిత్రమును చదివినవారికి ఈ వీధిబడుల వాతావరణము పరిచితమే.

ఈ బడులలో వ్రాతమూలకమైన గుర్తు అసలే లేదనరాదు. బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823 ఆగస్టులో రెవిన్యూ బోర్డునకు పంపిన లేఖలో ఒక ఆచారము వర్ణింపబడినది. ఉదయము ఆరుగంటలకు బడికి అందరికంటె ముందు వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురు. అది గౌరవచిహ్నము. రెండవవాని అరచేత సున్న చుట్టుదురు. అతడు మెప్పునకును తగడు, నిందకును తగడు. మూడవవానికి బెత్తముతో మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆ పిమ్మట వచ్చినవారికి ఒక్కొక్కటి హెచ్చు. మనదేశపు బడిలో బాలుని శరీరముమీదనే వ్రాయబడిన ఈ పత్రము సాయంకాలమునకు చెమటతో చెరిగిపోవును. కాని ఆ గుర్తు హాజరును గూర్చినదే గాని చదువును గూర్చినది కాదని గమనింపవలెను. చదువునకు గుర్తు ఆ అరుగుమీది కంఠమే.

కాంబెల్ లేఖకు కారణము గవర్నరు మన్రో 1822 జూన్ 25వ తేదీన వ్రాసిన మినిట్టు. చదువను వ్రాయను నేర్పు బడులెన్ని, వానిలో బాలురెందఱు, వారి కులములేవి, చదువు గ్రంథముల పేర్లేవి, బడిలో ఎన్నాళ్లుందురు, నెలకో సంవత్సరమునకో ఎంత చెల్లింతురు, మాన్యములేమైన కలవా అని ఆయన కలెక్టర్లను అడిగెను. చెన్నపురి రాజధాని అంతటి నుండియు జవాబులు వచ్చినవి. 1826 మార్చి 10వ తేదీనాటి మన్రో మినిట్టులో బడులు, కళాశాలలు కలిసి 12,498 అనియు, జనసంఖ్య 1,28,50,941 అనియు ఉన్నది. ఈ కాగితములను 1983లో ధరంపాల్ గ్రంథరూపమున ప్రకటించిన తరువాత వానినిగూర్చి వాదోపవాదములు చాల జరిగినవి. అవి ప్రధానముగా సంఖ్యలపై జరిగిన వాదములు. మనకు కావలసిన విషయము వేఱు. మన్రో అడిగిన ప్రశ్నలలో ‘బాలునకు ఏమి వచ్చును?’ అన్న ప్రశ్న లేదు. గ్రంథముపేరు తెలిసిన చదువు తెలిసినట్లే యని ఆ ప్రశ్నావళి భావన.

కాంబెల్ మాత్రము అడుగని ప్రశ్నకు జవాబు చెప్పెను. ఆయన సామాన్యుడైన కలెక్టరు కాడు. తెలుగు వ్యాకరణమును 1816లో ఆంగ్లమున రచించి ప్రకటించినవాడు. ఎల్లిసు దొర ద్రావిడభాషాకుటుంబమును ప్రతిపాదించిన ప్రసిద్ధమైన ఉపోద్ఘాతము వెలువడినది ఆ వ్యాకరణముతోడనే. 1821లో నిఘంటువును కూడ ఆయన ప్రకటించెను. భాష తెలిసినవాడు గనుక బడిలో ఏది జరుగుచున్నదో ఆయన చెవికి తెలిసెను. బళ్లారి జిల్లాలో ఆయన లెక్కించిన 533 బడులలో 235 కన్నడమువి, 226 తెలుగువి, మహారాష్ట్రము 23, పారసీకము 21, సంస్కృతము 23, అరవము 4, ఆంగ్లము ఒక్కటి. విద్యార్థులు 6,641 మంది. ఈ అంకెల తరువాత ఆయన చెప్పిన మాటలే విలువైనవి. తెలుగు, కన్నడ బడులలో చదివించు గ్రంథములన్నియు పద్యములు. ఆ పద్యభాష సంభాషణకును వ్యవహారమునకును వాడు భాషకు భిన్నము. లిపి ఒక్కటే కనుక పద్యము చదివినవాడు జాబును కూడ చదువగలడు. అయితే బాలుని మనస్సు అక్షరోచ్చారణముపైననే కాని అర్థముపైనను అన్వయముపైనను ఉండదు. అర్థము తెలియక చిలుకవలె పద్యములు వల్లించుటలో ప్రతి బాలుడును ఆరితేరినవాడే, అర్థము వివరింపగల గురువులు అరుదు అని ఆయన తాత్పర్యము.

కాంబెల్ తీర్పులో దొరతనపు తొందర కొంత లేకపోలేదు. కంఠస్థమైన పద్యము పదియేండ్ల తరువాత అర్థమగుట మన సంప్రదాయములో అందఱెరిగిన అనుభవము. ఆ పద్యమును ముందుగా నోట నిలుపుట వృథాశ్రమయని చెప్పజాలము. అయినను ఆయన గ్రహించిన భేదము నిజమైనది. వినబడునది వేఱు, తెలిసినది వేఱు. తెలుగు బాలునకు బడిలోని తెలుగే ఒక క్రొత్త భాష అని అధికారపత్రములలో ఇంత స్పష్టముగా, ఇంత పూర్వము చెప్పిన మాట మఱొకటి నా కంటబడలేదు. కాని ఈ మాటలు లేఖలోనివి, పట్టికలోనివి కావు. పట్టికలు మదరాసు చేరి ఒకదానితో నొకటి కూడబడినవి. పేరాను కూడుటకు వీలు లేదు.

1854లో వుడ్ పంపిన విద్యాశాసనము వచ్చినది. మఱుసటి సంవత్సరము చెన్నపురిలో విద్యాశాఖ ఏర్పడి, ఆర్బత్నాటు దాని ప్రథమాధికారి యయ్యెను. మన్రో మినిట్టులను ఏర్చి కూర్చి తరువాత ప్రకటించినవాడు కూడ ఈయనయే. ప్రభుత్వము సొంతముగా బడులు పెట్టుటకంటె ఉన్న బడులకు ధనసహాయము చేయుట చవుక. సహాయము చేయవలెనన్న కొలత కావలెను. 1860 తరువాతి దశకములో ఈ కొలత ‘ఫలితములనుబట్టి గ్రాంటు’ అను రూపము దాల్చినది. పరీక్షాధికారి సంవత్సరమునకొకసారి వచ్చును. ప్రతి బాలుని పేరునకెదురుగా చదువు, వ్రాత, లెక్క అను గళ్లుండును. ప్రతి గడిలోని ఉత్తీర్ణతకు ఇంత అని సొమ్ము ఏర్పడి యుండును. ఆ గళ్లను కూడినచో అయ్యవారి సంవత్సరపు రాబడి తేలును.

ఈ పద్ధతి చెన్నపురిలో పుట్టినది కాదు. దాని పుట్టుక తెలిసికొన్నచో దాని గుణము తెలియును గనుక కొంచెము దూరము పోవుట తప్పదు. ఇంగ్లండులో 1862లో రాబర్ట్ లో మంత్రిత్వమున ‘సవరించిన నిబంధనావళి’ అమలులోనికి వచ్చెను. ఒక్కొక్క బాలునిపై, హాజరునకు నాలుగు షిల్లింగులు, చదువు వ్రాత లెక్కలలో ఒక్కొక్కదానికి రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు చొప్పున మొత్తము ఎనిమిది షిల్లింగులు గ్రాంటు. బాలుడు ఒక విషయములో తప్పినచో ఆ రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు బడికి తగ్గును. లోకు కుడిభుజముగా ఈ నిబంధనావళిని తీర్చినవాడు విద్యాశాఖ కార్యదర్శి లింగెన్. ఈయన 1847లో వేల్సు దేశపు పాఠశాలలపై నివేదిక వ్రాసిన ముగ్గురు విచారణాధికారులలో ఒకడు. వారిలో ఒక్కరికైనను వెల్షు భాష రాదు. వెల్షు బిడ్డలను ఆంగ్లమున ప్రశ్నించి, జవాబు రాకున్న అజ్ఞానులని వ్రాసిరని ఆ దేశీయులు నేటికిని ఆ నివేదికను ‘నీలిపుస్తకముల ద్రోహము’ అని పిలుతురు. పదునైదేండ్ల తరువాత వచ్చిన నిబంధనావళిలో చదువు అన్న గడి ఉన్నది గాని ఏ భాషయింటినుండి వచ్చిన బిడ్డకు ఆ చదువు అన్న విచక్షణ లేదు. వెల్షు బిడ్డయు, లండను బిడ్డయు ఒకే గడిలో పరీక్షింపబడిరి.

ఫలితమెట్లుండెనో స్వయముగా పరీక్షాధికారి యైన కవి మాథ్యూ ఆర్నల్డు 1867 నివేదికలో వ్రాసెను. చదువుట, వ్రాయుట, లెక్కించుట నిజముగా రాని పిల్లలను సయితము నేర్పుగా తయారుచేసి ఆ మూడింటను నెగ్గించుట సాధ్యమే యని ఆయన ఫిర్యాదు. వాచకము ముందే తెలిసినది, పరీక్ష అందులోనుండియే. పుస్తకము చేతిలో లేకున్నను చదువగల పిల్లలు తయారైరి!

ఇదే యంత్రము తెలుగుదేశములో వీధిబడిపై పెట్టబడినప్పుడు ఏమి జరిగినది? అరుగుమీది అయ్యవారు వల్లింపజేయుటలో తరతరాల నేర్పరి. ఆయనకు వాచకమును కంఠస్థము చేయించుట ఒక లెక్కలోనిది కాదు. కాంబెల్ తప్పుపట్టిన గుణమే ఇప్పుడు గ్రాంటు తెచ్చు గుణమయ్యెను. దీనిని నేను ఆ అయ్యవార్ల కపటమని భావింపను. కడుపునకు కావలసిన నాలుగు రూపాయలు గడిలో ఉన్నప్పుడు గడి నింపుట ధర్మమే. మారినది మఱొకటి. వీధిబడిలో నివేదిక వినినవాడు తండ్రి. ఇప్పుడు వినువాడు సంవత్సరమునకొక దినము గుఱ్ఱముపైనో బండిపైనో వచ్చి, అనేక పల్లెలు చూచుకొని పోవలసిన అధికారి. తండ్రి ప్రతిదినము వినెడివాడు; పొరపాటు పడిన మఱునాడు సవరించుకొనెడివాడు. అధికారికి ఒక్కొక్క బాలునిపై వెచ్చింపగలిగినది కొన్ని నిమిషములు మాత్రమే. ఆ వ్యవధిలో కొలువబడగల భాషాగుణము ఒక్కటే, తడబాటులేని ఉచ్చారణము.

1882లో హంటరు అధ్యక్షతను కూర్చున్న విద్యావిచారణ సంఘము ప్రాథమిక పాఠశాలలకు ఫలితములనుబట్టి సహాయము చేయుటను పెక్కు వంతు సమర్థించెను. వెనుకబడిన ప్రాంతములకు మాత్రము మినహాయింపు. 1904 మార్చిలో కర్జను ప్రభుత్వము వెలువరించిన విద్యావిధాన తీర్మానము ఈ పద్ధతిని గర్హించెను. అదే తీర్మానములో భాషావిషయమున రెండు వాక్యములు కలవు. మాతృభాషలో పునాది గట్టిపడి, ప్రాథమిక విద్యలో కొంత ముందునకు సాగినగాని బాలునకు ఆంగ్లము ఒక భాషగా నేర్పరాదనియు, బోధనమాధ్యమముగా ఆంగ్లము పదుమూడేండ్లకు లోపల పనికిరాదనియు వాని సారము. చక్కని మాటలే. అయితే మాతృభాషలో పునాది గట్టిపడినదని ఎవరు, ఎట్లు నిర్ధారింపవలెను? అందులకు తగిన సాధనమును ఆ తీర్మానము చేతికీయలేదు. ఇంగ్లండులో ముఖ్యపరీక్షాధికారిగా పనిచేసిన ఎడ్మండు హోమ్సు 1911లో వ్రాసిన గ్రంథమునందు, ఫలితముల పద్ధతి పోయిన పిమ్మట కూడ దాని అలవాటు ఉపాధ్యాయుని యెముకలలో మిగిలియున్నదని వాపోవుట మనము కూడ గుర్తుంచుకొనదగినది.

ఈ స్థితిలో మన జిల్లాలలో ఒక పరీక్షాధికారి అడిగిన ప్రశ్న తెలుగు సాహిత్యచరిత్రనే మలుపు త్రిప్పినది. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములో ఉత్తరసర్కారులకు పాఠశాలల ఇన్స్పెక్టరుగా వచ్చిన యేట్సు, తాను ప్రజలనుండి నేర్చుకొనుచున్న తెలుగునకును, బడిలో బిడ్డలకు చెప్పుచున్న తెలుగునకును పొంతన లేకపోవుట గమనించెను. పిల్లలకు తెలుగులో మొదటి పాఠము ఎట్లు చెప్పవలెనని ఆయన ఉపాధ్యాయులను ప్రశ్నించెను. ఆ ప్రశ్న పర్లాకిమిడిలోని గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని, విశాఖపట్టణములో ఏ.వి.ఎన్. కళాశాలాధ్యక్షులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారిని, గురజాడ అప్పారావుగారిని ఒక్క త్రాటిపైకి తెచ్చినది. తరువాతి కథ అందఱకు తెలిసినదే. 1913లో గిడుగువారి ఆధునికాంధ్ర విజ్ఞాపనము, 1914లో గురజాడవారి అసమ్మతిపత్రము, జయంతి రామయ్య పంతులుగారి పక్షమువారి ప్రతివాదము, అన్నియు మన విభాగములలో పాఠ్యవిషయములు. ఈ వివాదమును మనము సాహిత్యభాషావివాదముగా బోధించుచున్నాము. అది తప్పు కాదు. కాని దాని విత్తనము పసిపిల్లల తరగతి గదిలో పడినదనియు, ‘చదువు’ అన్న గడిలోని ఉత్తీర్ణత అర్థగ్రహణమునకు సాక్ష్యము కాదని ఒక పరీక్షాధికారియే శంకించుటవలన మొలకెత్తినదనియు విద్యార్థులకు చెప్పుట అరుదు. తొంబది సంవత్సరములకు పూర్వము కాంబెల్ వ్రాసినదియు ఇదియే. భేదమేమనగా ఈసారి వినుటకు తెలుగువారు ముందునకు వచ్చిరి.

గిడుగువారికి ఈ శంక యేట్సునకంటె ముందే వేఱొక మార్గమున తెలియును. ఆయన సవరవారి భాషను ఇంటనుంచుకొన్న సవరవానియొద్ద చెవితో విని నేర్చిరి. తొలుత వారికి నిఘంటువు లేదు, వ్యాకరణము లేదు. సవర పిల్లలకు బడి పెట్టి, వారి భాషలోనే వాచకములు కూర్చిరి. సవరభాషా వ్యాకరణము 1931లోను, సవర-ఆంగ్ల నిఘంటువు 1938లోను వెలువడినవి. పెద్దవయస్సులో ఒక క్రొత్త భాషను మొదటినుండి నేర్చుకొన్నవాడు గనుక, నేర్చుకొనువాని ప్రగతి ఏ క్రమమున నడచునో ఆయనకు స్వానుభవము. ముందు వినుట, పిమ్మట తెలియుట, ఆ పిమ్మట పలుకుట, అన్నింటి తరువాత అక్షరము. విద్యాశాఖవారి పట్టికలో మొదటి గడి అక్షరముతోనే ఆరంభమగును. సవర బిడ్డ తెలుగు బడిలో మొదటి సంవత్సరమంతయు వినుచునే ఉండును, తెలిసికొనుచునే ఉండును. పట్టికలో అతనికి సున్న. కాంబెల్ కాలపు సున్నకు ‘మెప్పును లేదు, నిందయు లేదు’ అని అర్థము. ఈ సున్నకు ‘మందబుద్ధి’ అని అర్థము.

నైజాము రాష్ట్రములోని తెలుగు బాలుని కథ ఇంకొక తీరు. అక్కడ రాజభాష ఉర్దువు, పైచదువునకు మార్గమదియే. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము భారతీయభాషలో ఉన్నతవిద్య గఱపిన గొప్పతనము కలది. అయితే తెలుగింటి పసివానికి ఆ భారతీయభాష పరభాషయే. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను సమావేశమైన ఆంధ్రమహాసభ మొదలుకొని మాతృభాషలో ప్రాథమికవిద్య కొఱకు తెలంగాణమున నడచిన ఆందోళనము రాజకీయచరిత్రలో ప్రసిద్ధము. బడిలో వెనుకబడిన బిడ్డ బుద్ధిలో వెనుకబడినవాడు కాడు, భాషలో క్రొత్తవాడు అను ఎఱుక ఆ కోరికకు అడుగున ఉన్నదని నా విశ్వాసము.

1929లో హార్టాగు సంఘము ప్రాథమికవిద్యలో ‘వ్యర్థత’, ‘స్తబ్ధత’ అను రెండు మాటలను ప్రచారములోనికి తెచ్చినది. నడుమ బడి మానుట మొదటిది. ఒకే తరగతిలో సంవత్సరములు గడపుట రెండవది. అప్పటినుండి తరగతి తప్పిన పిల్లల సంఖ్య శాఖకు ఆందోళనకరమయ్యెను. గ్రాంటు పోయినను పట్టిక పోలేదు. అది ఇప్పుడు బాలుడు పై తరగతికి పోవలెనా వలదా అని నిర్ణయించు పట్టిక అయ్యెను. కాలక్రమమున దాని ప్రతి ఒకటి ఇంటికి కూడ పంపబడసాగెను. దానినే మనము ప్రోగ్రెసు కార్డు అందుము.

ఈ కార్డు కొంచెము నిలిచి చూడదగిన వస్తువు. దళసరి కాగితము, నాలుగు మడతలు. ఎడమ ప్రక్క విషయముల పేర్లు, పైన పరీక్షల పేర్లు. గళ్లలో అంకెలు. తక్కువ వచ్చినచోట ఎఱ్ఱసిరాతో చుట్టు. అడుగున తరగతి ఉపాధ్యాయుని సంతకము, ప్రధానోపాధ్యాయుని సంతకము, చివరకు ‘తండ్రి లేక సంరక్షకుని సంతకము’. వీధిబడి తరువాత మరల తండ్రిని పలుకరించినది ఈ కార్డే యని సంతోషింపవలసినదే. కాని ఏ భాషలో పలుకరించినది? పెక్కు బడుల కార్డులు ఆంగ్లమున అచ్చయినవి. చదువురాని తండ్రి ఆ గడిలో వేలిముద్ర వేసి పంపును. తనకేమి నివేదింపబడినదో ఆయనకు చదివి చెప్పువాడు ఎవరనగా, ఆ కార్డు ఎవరిని గూర్చినదో ఆ బాలుడే! వాడు నలువదిని నలువదిగనే చదువునన్న నమ్మకము ఏమి? అరుగుమీది కంఠము నాడు తండ్రికి అనువాదకుడు అక్కఱలేకపోయెను.

భాషావిషయమున ఈ కార్డు చేసిన అపకారము ఇంకొకటి ఉన్నది. తెలుగు, ఆంగ్లము, గణితము అని వరుసగా వ్రాసి ప్రతిదానికి నూటికి ఇన్ని అని అంకె వేయుటవలన ఇంటిభాషయు, క్రొత్త భాషయు, లెక్కలును ఒకే జాతివి అన్న భ్రమ పుట్టినది. ఇంటిభాషలో అయిదేండ్ల మూలధనముతో బడికి వచ్చినవాడు తెలుగులో నలువదియైదు తెచ్చుకొనుట ఒక సంగతి. ఏ మూలధనమును లేక ఆంగ్లములో నలువదియైదు తెచ్చుకొనుట వేఱొక సంగతి. అంకె ఒక్కటే. పైగా ఆ అంకె వ్రాతపరీక్షనుండి వచ్చినది. ఆంగ్లములో చెప్పిన పని వెంటనే చేయగలిగి, నాలుగు మాటలు పలుకగలిగి, వర్ణక్రమము రాని పిల్ల తప్పును. ఆవును గూర్చిన పది వాక్యములు కంఠస్థము చేసి ఎత్తివ్రాసిన పిల్లవాడు, ఆ భాషలో మంచినీళ్లడుగుట రాకున్నను, నెగ్గును. లో మంత్రి గడికిని ఈ గడికిని బంధుత్వము స్పష్టము.

కొఠారీ సంఘము 1964-66లో చిన్న తరగతుల నడుమ తప్పించుట పనికిరాదనియు, ప్రతి బాలునకు సంవత్సరములవెంట నడచు సంచితపత్రము ఉండవలెననియు సూచించినది. ఆ సూచన చట్టమగుటకు చాల కాలము పట్టినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చి, నిరంతర సమగ్ర మూల్యాంకనమును, వీలైనంతవరకు మాతృభాషా మాధ్యమమును విధించెను. అటుపిమ్మట వచ్చిన మన తెలుగు వాచకములలో వినుట, ఆలోచించి మాట్లాడుట, ధారాళముగా చదివి అర్థము చేసికొనుట, స్వీయరచన, పదజాలము, సృజనాత్మకత అని భాషకు వేర్వేఱు ప్రమాణములు నిర్దేశింపబడినవి. నూటయేబది సంవత్సరములకు వినుట అన్న మాట పట్టికలో మొదటి చోటు సంపాదించినది. ఇది సామాన్యమైన మార్పు కాదు. దీనిని నమోదుభారముగా మాత్రమే చూచి విసుగుకొన్నవారు చాలమంది కలరు. గళ్లు పెరిగినంత మాత్రమున చూపు పెరుగదన్న వారి మాటలో సత్యము లేకపోలేదు. నలువదిమంది పిల్లలకు ఆరేసి గళ్లు ఒక్క సాయంకాలమున నింపవలసి వచ్చినప్పుడు మొదటి గడిలోని అంకెయే మిగిలిన అయిదింటికి తల్లి అగును.

ఇదే కాలమున ఐరోపామండలివారు 2001లో ప్రచారములోనికి తెచ్చిన ‘భాషాసంచిక’ వేఱొక త్రోవ చూపినది. అందులో మూడు భాగములు. ఏ భాషలు ఎంతవరకు వచ్చునో తెలుపు పత్రము, తాను ఆ భాషలను ఎట్లు నేర్చుకొన్నదియు చెప్పుకొను భాషాజీవితము, తన వ్రాతల కూర్పు. ‘నేను ఇది చేయగలను’ అని బాలుడే వ్రాసికొనును. ఇంటిభాషకు కూడ అందు చోటున్నది. 2020 జాతీయ విద్యావిధానముననుసరించి మన దేశమున రూపొందిన సమగ్ర ప్రగతిపత్రములో కూడ బాలుని స్వీయపరిశీలనకును, తోడివారి అభిప్రాయమునకును, తల్లిదండ్రుల మాటకును స్థానము కల్పింపబడినది. మంచి ఆరంభమే.

అయితే పాత గడి మరల తల ఎత్తుచున్న జాడలు కూడ కలవు. 2021 జూలైలో ప్రారంభమైన నిపుణ్ భారత్ కార్యక్రమములో రెండవ తరగతి ముగియునప్పటికి బాలుడు నిమిషమునకు 45 మొదలు 60 మాటలు, మూడవ తరగతి ముగియునప్పటికి కనీసము 60 మాటలు అర్థము తెలిసి చదువవలెనని లక్ష్యములు పెట్టబడినవి. ‘అర్థము తెలిసి’ అన్న విశేషణము ఆర్నల్డు ఫిర్యాదునకు సమాధానమే. కాని గడియారము కొలుచునది మాటలనే. మన భాషాశాస్త్రజ్ఞులు ఇక్కడ ఒక మాట చెప్పవలసియున్నది. ‘చదువుకొనుచున్నప్పటికిని’ అన్నది తెలుగున ఒక మాట. ఆంగ్లమున దానికి అయిదారు మాటలు పట్టును. తెలుగు బాలుని అఱువది మాటలు, ఆంగ్లబాలుని అఱువది మాటలు సమానము కావు. 2022లో జరిగిన ప్రాథమిక అభ్యసన పరిశీలనమున ఇరువది భాషలకు వేర్వేఱు కొలతలు నిర్ణయించుట ఈ చిక్కును గుర్తించుటయే. అయినను భాషకు భాష వేఱు అని ఒప్పుకొన్న ఆ కొలత, బిడ్డకు బిడ్డ వేఱు అని ఇంకను ఒప్పుకొనలేదు. తెలుగు పరీక్షలో తెలుగింటి బిడ్డకును, కోయ యింటి బిడ్డకును గడియారము ఒక్కటే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, లంబాడి, ఆదివాసీ ఒడియా అను ఎనిమిది భాషలలో తెలుగు లిపిని వాడి ప్రాథమిక వాచకములు సిద్ధపఱచి కొన్ని గిరిజన పాఠశాలలలో ప్రవేశపెట్టిరి. గిడుగువారి సవర వాచకములకు నూఱేండ్ల తరువాత దొరికిన కొనసాగింపు ఇది. ఆ బడులలో బిడ్డ తన భాషతో మొదలుపెట్టి క్రమముగా తెలుగునకు, అటుపై ఆంగ్లమునకు రావలెనని సంకల్పము. మూడు భాషలలో ఒక్కొక్కటి ఒక్కొక్క సంవత్సరమున ప్రవేశించుచుండగా, ప్రగతిపత్రములో మూడింటికి ఒకే తీరు గళ్లుండుట ఎట్లు పొసగును?

బిడ్డ మాతృభాష ఏదో బడికి తెలియదని చెప్పుటకు వీలు లేదు. ప్రవేశపు రిజిస్టరులో పేరు, తండ్రి పేరు, జన్మతేదీ, కులముతోపాటు మాతృభాష అని ఒక గడి చిరకాలముగా ఉన్నది. ప్రతి బిడ్డకు ఆ గడి మొదటి దినముననే నింపబడును. మార్కుల రిజిస్టరు వేఱు. రెండును ప్రధానోపాధ్యాయుని గదిలో ఒకే బీరువాలో, పై అఱలో ఒకటి, క్రింది అఱలో ఒకటి ఉండును. మొదటిది బిడ్డ చేరిన దినమున ఒకసారియు, బడి విడిచిపోవు దినమున ఒకసారియు తెఱువబడును. పరీక్షల మార్కులు వేయునప్పుడు బల్లమీదికి వచ్చునది రెండవది మాత్రమే.